ప్లాను కాగితం మూలలో దొరికే సిపాయి

నమస్కారం. తాత ఇళ్ల ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. ఆయన కొడుకు రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి. ఇంట్లో మిగిలింది యూనిఫాం ఫొటో ఒకటి, అటక మీద ట్రంకు పెట్టె ఒకటి. తిరుపతి, చిత్తూరు వైపు ఇలాంటి ఇల్లు మీదైతే, ఆ సిపాయి వివరాల కోసం వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో ఇవాళ చూద్దాం.

పేరుతో మాత్రం మొదలుపెట్టకండి. ఇంట్లో సుబ్రహ్మణ్యాచారి అయిన మనిషి సైన్యం కాగితంలో ఉత్త సుబ్రమణి అయిపోతాడు. ఇంటిపేరు ఎగిరిపోతుంది, తండ్రి పేరు వెనక వచ్చి కూర్చుంటుంది. పట్టుకోవాల్సింది ఆర్మీ నంబరు. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డిశ్చార్జి పుస్తకం ఉంటే అందులోనే ఉంటుంది. లేకపోతే మెడల్ చూడండి. ఆ యుద్ధానికి భారత సైనికులకు ఇచ్చిన మెడల్స్‌లో గుండ్రని వాటికి అంచు మీద, నక్షత్రాలకు వెనకవైపు నంబరు, పేరు, యూనిట్ కొట్టి ఉంటాయి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. టార్చిలైటు పక్కనుంచి వేసి ఫొటో తీస్తే చాలు. సిపాయిగా చేరి తర్వాత ఆఫీసరు అయితే నంబరు కూడా మారుతుంది. యుద్ధకాలపు అత్యవసర కమిషన్, అంటే యుద్ధం కోసం హడావిడిగా ఇచ్చిన ఆఫీసరు హోదా అయితే నంబరు ముందు ‘ఐఈసీ’ (ఇండియన్ ఎమర్జెన్సీ కమిషన్) అని ఉంటుంది.

ఇప్పుడు ప్లాన్లు. చాలామంది వీటిని పాత కాగితాల కింద అమ్మేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. కాగితం కింద కుడి మూల గళ్లలో తేదీ, స్థలం, స్కేలు ఉంటాయి. ‘గీసినది’, ‘ట్రేస్ చేసినది’, ‘సరిచూసినది’ అన్న గళ్లలో పొడి అక్షరాలు ఉంటాయి. తండ్రి బల్ల దగ్గర కూర్చుని ట్రేసింగ్ చేసింది కొడుకే అయి ఉండొచ్చు. కాగితాలన్నీ తేదీల వరసలో పేర్చండి. ఫలానా నెల నుంచి కొడుకు పొడి అక్షరాలు కనబడకపోతే, డిశ్చార్జి పుస్తకంలో చేరిన తేదీతో సరిపోల్చండి. ఇది సాక్ష్యం కాదు, ఆనవాలు మాత్రమే; చదువుకో పెళ్లికో వెళ్లినా అక్షరాలు ఆగిపోతాయి. డ్రాయింగ్ వచ్చినవాడు కాబట్టి బెంగళూరు మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) వైపు ముందు చూడటం తెలివైన పని. బ్లూప్రింట్లు ఎండలో పరిచి ఫొటో తీయకండి, నీలం వెలిసిపోతుంది. ఇంకో మాట: ఆర్కిటెక్టుల చట్టం వచ్చింది 1972లో. అంతకుముందు పని చేసిన తాత పేరు ఆ చట్టం కింద వచ్చిన ఆర్కిటెక్టుల కౌన్సిల్ రిజిస్టరులో లేదని ఆయన ఆర్కిటెక్టు కాదనుకోకండి.

ఊరు దగ్గర ఇంకో చిక్కు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. తిరుపతి జిల్లా 2022లోనే వచ్చింది. కాగితం ఏ ఏడాదిదో చూసి ఆనాటి జిల్లా పేరుతో అడగండి.

పుట్టిన తేదీకి జాతకం తీస్తే ‘రక్తాక్షి, మాఘం’ అని ఉందనుకోండి. రక్తాక్షి అనగానే 1924 అని రాసేస్తారు. ఉగాదితో ఏడాది మొదలవుతుంది కదా, మాఘం వచ్చేసరికి 1925 జనవరి, ఫిబ్రవరి. జనన రిజిస్టరులో పేరు లేకపోయినా కంగారు పడొద్దు. నామకరణానికి ముందే నమోదైతే ‘మగ శిశువు’ అనే ఉంటుంది. తండ్రి పేరు, వీధి చూసి పట్టుకోవాలి.

పెన్షన్ వచ్చిన ఇల్లైతే ఆ సిపాయి భార్య పెన్షన్ పుస్తకంలో పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు వెతకండి. ఆ నంబరు, ఆర్మీ నంబరు, తండ్రి పేరు, చేరిన, విడుదలైన ఏళ్లు, మీ బంధుత్వానికి రుజువు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. సైనికుల కాగితాలు ఉంచే రికార్డు ఆఫీసుకు ఉత్తరం ఎలా రాయాలో అక్కడే అడగొచ్చు. ఆ ఆఫీసు సాపర్లకు బెంగళూరులో, మద్రాస్ రెజిమెంటుకు తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో ఉంది.

సర్వీసులో ఉండగానే చనిపోయి ఉంటే, కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా ఉచితంగా వెతకొచ్చు. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా చనిపోయినవారి పేర్లు అందులో ఉంటాయి. బర్మాలో సమాధి దొరకనివారి పేర్లు రంగూన్ స్మారకం మీద ఉంటాయి. కొన్ని నమోదుల్లో పేరు కింద ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు అని ఒక వరుస ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగులో ఊరి పేరు గుర్తుపట్టలేనట్టు ఉంటే, పైకి గట్టిగా చదవండి. మన యాసలో పలికితే తెలిసిపోతుంది.