కిండర్ కొండ మీద మూడు వంకలు, బెజవాడలో మనం

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కపోతలో, ఇంగ్లండ్‌లో ఎక్కడో ఉన్న ఒక చలి కొండ గురించి వినడానికి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ఆ కొండ మనకెందుకో ముందే చెప్పేస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు ఇళ్ళు నీళ్ళలో మునిగినప్పటి నుంచి ఈ ఊళ్ళో నలుగురు కూర్చుంటే ఒకటే మాట, పైన పడ్డ వాన అంత తొందరగా మన మీదకి ఎలా వచ్చిపడింది అని. సరిగ్గా ఆ ప్రశ్ననే కిండర్ స్కౌట్ అనే కొండ మీద కొంతమంది ఏళ్ళ తరబడి కొలిచి చూశారు. కొలవడం వల్లే వాళ్ళకి ఒక సంగతి తెలిసింది, అది నాకు చాలా ముఖ్యమనిపించింది.

ఆ కొండ పైన నేల పీట్ అనే నల్లమట్టి. స్కూల్లో బొగ్గు రకాలు చదువుకున్నప్పుడు పీట్, లిగ్నైట్, బిట్యుమినస్, ఆంథ్రసైట్ అని వరసగా వల్లె వేశాం కదా, అందులో మొదటిది ఈ పీట్. ఎప్పుడూ తడిగా ఉండే నేలలో గాలి ఆడదు, గాలి ఆడకపోతే చచ్చిన మొక్క పూర్తిగా కుళ్ళదు, అలా ఏడాదికి దాదాపు ఒక్క మిల్లీమీటరు చొప్పున పేరుకుంటూ పోతుంది. అంటే మీటరు మందం తయారవడానికి వెయ్యేళ్ళు పడుతుంది. భూమ్మీద నేలలో ఇది సుమారు మూడు శాతమే, కానీ ప్రపంచంలోని అడవులన్నిటిలో ఉన్న చెట్ల కంటే ఎక్కువ కార్బన్ దీనిలో దాగి ఉంది. మన దేశంలోనూ ఉంది, నీలగిరుల్లో ఊటీ చుట్టుపక్కల పీట్‌ని పొరలుపొరలుగా తీసి వేల ఏళ్ళ కిందటి వాతావరణం ఎలా ఉండేదో మన శాస్త్రవేత్తలే చదివారు.

కిండర్ స్కౌట్ మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్య ఉంటుంది, ఎత్తు 636 మీటర్లు. పైన చెట్లుండవు, విశాలమైన తడి బీడు. దానికి పట్టిన గతి ఒక్క రోజులో పట్టింది కాదు. రెండు వందల ఏళ్ళ పాటు ఫ్యాక్టరీల బొగ్గు పొగ, అందులోని గంధకం ఆ కొండ మీద పడి స్ఫాగ్నం అనే నాచుని చంపేసింది. పీట్‌ని తయారుచేసేదే ఆ నాచు, తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్ళు పట్టుకుంటుంది. దాని తర్వాత గొర్రెలు అతిగా మేశాయి, ఎండాకాలాల్లో కార్చిచ్చులు వచ్చాయి. కప్పు పోయిన పీట్ నల్లగా బయటపడితే ఇక వానకి కోసుకుపోవడమే, మనిషి లోతు వంకలు పడ్డాయి, ఆ నల్లమట్టి కిందనున్న రిజర్వాయర్లలోకి చేరింది, తాగునీళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. దిగువన ఊళ్ళవాళ్ళు ఆ రంగు తీయించుకోవడానికి ఇప్పటికీ డబ్బు కడుతూనే ఉన్నారు.

బాగుచేసే పద్ధతి వింటే మన వాటర్‌షెడ్ పనుల్లో తిరిగినవాళ్ళకి కొత్తగా ఏమీ అనిపించదు. నేల మరీ ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ మూడు దగ్గర, అందులో ఏ విత్తనమూ నిలవదు, కాబట్టి ముందు సున్నం, కొంచెం ఎరువు, గడ్డి విత్తనాలు చల్లుతారు. రోడ్డు లేని చోటు కాబట్టి సంచులన్నీ హెలికాప్టర్‌తో దించుతారు. నేల జారిపోకుండా హెదర్ అనే పొదల కొమ్మలు నరికి పరుస్తారు, నిటారుగా ఉన్న గట్ల మీద జనపనార వలలు కప్పుతారు (ఏలూరు జూట్ మిల్లు తెలిసినవాళ్ళకి ఈ ముక్క నచ్చుతుందనుకుంటా). వంకల్లో రాళ్ళ కట్టలు వేస్తారు, గొర్రెలు రాకుండా కంచె కడతారు. గడ్డి నిలదొక్కుకున్నాక స్ఫాగ్నం మొక్కల్ని నర్సరీలో పెంచి తెచ్చి ఒక్కొక్కటీ చేత్తో నాటుతారు.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు, ఫొటోలు కూడా బాగుంటాయి, ముందు నలుపు తర్వాత పచ్చ. వాళ్ళు అక్కడితో ఆగలేదు.

పని మొదలుపెట్టకముందే, 2010 ప్రాంతంలో, కొండ మీద దగ్గర దగ్గరగా ఉన్న చిన్న చిన్న పరీవాహక ప్రాంతాలు మూడు ఎంచుకున్నారు. ఒక్కొక్కటీ రెండెకరాలు కూడా ఉండదు. ప్రతి వంక చివరా వి ఆకారపు గాడి ఉన్న పలక బిగించి, ఆ గాడిలో నీళ్ళు ఎంత ఎత్తున పారుతున్నాయో నిమిషాల లెక్కన నమోదు చేసే పరికరం పెట్టారు. వానమాపకాలు పెట్టారు. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపులు నేలలోకి దించి, వాటిలో నీటిమట్టం ఎక్కడుందో చూసుకున్నారు. పనికి ముందే సుమారు ఏడాది పాటు ఇలా కొలిచారు. ఆ తర్వాత ఒక వంక చుట్టూ గడ్డి మాత్రమే మొలిపించారు, రెండోదానికి గడ్డితో పాటు రాళ్ళ కట్టలు కూడా వేశారు, మూడోదాన్ని ఏమీ చెయ్యకుండా అలాగే నల్లగా వదిలేశారు.

మూడోదాన్ని వదిలెయ్యడం చాలామందికి మింగుడుపడదు. కళ్ళ ముందు పాడవుతుంటే బాగుచేసే చేతులుండి ఊరుకోవడమేంటి అంటారు. కానీ ఒక ఏడాది వానలు తక్కువ పడి వరద తగ్గితే, అది మన పని వల్లా, వాన తగ్గడం వల్లా అని తేల్చుకోవడానికి ముట్టుకోని వంక ఒకటి పక్కన ఉండి తీరాలి, అదే వాన దాని మీదా పడి ఉండాలి. ఆ ఒక్క వంక లేకపోతే మిగతా రెండిటి లెక్కలకీ విలువ లేదు, నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ధైర్యమైన నిర్ణయం అదే.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ ఫలితాలు 2019లో ప్రచురించారు. గడ్డి మొలిపించిన చోట, వాన గట్టిగా పడ్డాక వంకలో వచ్చే గరిష్ఠ ప్రవాహం పావు వంతుకి పైగా తగ్గింది. వానకీ ఆ గరిష్ఠానికీ మధ్య పట్టే సమయం దాదాపు రెట్టింపయింది. రాళ్ళ కట్టలు కూడా ఉన్నచోట ఈ తేడా ఇంకా పెద్దది.

ఇప్పుడు అసలు సంగతి. పీట్ స్పాంజిలా నీళ్ళు పీల్చుకుంటుంది, అందుకే వరద తగ్గుతుంది అని అందరూ అనేవాళ్ళు, నేనూ క్లాసుల్లో విన్నది అదే. కొలతలు ఆ మాట నిలబెట్టలేదు. ఒక్కో వానకి వంకలోంచి బయటికొచ్చిన మొత్తం నీళ్ళు చూస్తే, బాగుచేసిన చోటా చెయ్యని చోటా చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఆరోగ్యంగా ఉన్న పీట్ ఎలాగూ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, ఇక కొత్తగా పీల్చుకోవడానికి చోటెక్కడిది? మారిందల్లా వేగం. గడ్డి, నాచు, కొమ్మలు నేలని గరుకుగా చేశాయి, పారే నీళ్ళకి అడుగడుగునా అడ్డం పడ్డాయి, కాబట్టి అదే నీరు నెమ్మదిగా, ఎక్కువసేపు వచ్చింది. కొలవకపోతే స్పాంజి మాటే నమ్ముకుని రేపు ఇంకోచోట అదే లెక్కతో కోట్లు పెట్టేవాళ్ళు.

దీనికి హద్దులు ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. రెండెకరాల వంకలో జరిగింది వంద చదరపు కిలోమీటర్ల నదిలో అంతే వంతున జరగాలని లేదు. తడి పెరిగితే కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది కానీ మీథేన్ కొంత పెరుగుతుంది, కాబట్టి వాయువుల్ని కూడా ఏళ్ళ తరబడి కొలవాలి. ఇప్పుడు ఉపగ్రహ రాడార్‌తో పీట్ ఉపరితలం కొద్దికొద్దిగా లేవడం, కుంగడం కూడా పసిగడుతున్నారు. అలాగని ఖరీదైన పరికరాలుంటేనే కొలత అనుకోకండి. అదే ఇంగ్లండ్‌లో హోమ్ ఫెన్ అనే చోట 1850ల మొదట్లో, పక్కనున్న సరస్సుని ఎండగట్టే రోజుల్లో, పీట్‌లోకి ఒక ఇనుప స్తంభం దించి దాని తలని నేలమట్టానికి పెట్టారు. ఇవాళ ఆ స్తంభం నేల మీద దాదాపు నాలుగు మీటర్లు నిలబడి ఉంది. నీళ్ళు తీసేసిన నేల ఎంత కుంగిందో చెప్పడానికి ఒక్క ఇనుప స్తంభం చాలింది.

ఇక మన దగ్గరికి వద్దాం. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి చివరికి కొల్లేరులో కలుస్తుంది. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. మరి కొల్లేరు బాగుపడిందా అని అడిగితే చేపల రైతు ఒకటి చెప్తాడు, పక్షుల్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఒకటి చెప్తారు, కైకలూరులో బస్సు దిగి ఎవరినడిగినా ఇంకొకటి చెప్తారు. ఎవరి మాటా తీసిపారేసేది కాదు. కానీ పని ముందు లెక్క, పని తర్వాత లెక్క, ముట్టుకోని చోటి లెక్క, ఈ మూడూ పక్కపక్కన పెట్టి అందరికీ చూపిస్తే తప్ప ఈ వాదన తెగదు.

బుడమేరు విషయంలో ఇంకా టైముంది. గట్లు పటిష్ఠం చెయ్యాలి, కాలువ వెడల్పు చెయ్యాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయితే పైన కొండవాగుల్లో కూడా పని చేద్దామని ఎవరైనా ముందుకొస్తే, మొదటి ఖర్చు కొలతల మీద పెట్టమని అడగండి. కనీసం రెండు వానాకాలాలు ఊరికే కొలవాలి. ఒక వాగుని వదిలెయ్యాలి. పని అయ్యాక ఐదో ఏడూ పదో ఏడూ కూడా ఆ రీడింగ్ ఎవరు తీస్తారో, వాళ్ళ జీతం ఎక్కణ్ణుంచి వస్తుందో ముందే కాగితం మీద ఉండాలి, ఎందుకంటే ఎక్కడైనా మొదట ఆగిపోయేది అదే. ఇక్కడి డిగ్రీ కాలేజీల్లో జియాలజీ, బాటనీ చదివే పిల్లలున్నారు, వానమాపకం చూడటం, పైపులో మట్టం కొలవడం వాళ్ళకి ఒక్క పూటలో నేర్పొచ్చు.

మైలవరం, జి.కొండూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే మైకు ముందు మీకే ఇస్తాను. మీ ఊరి వాగులో వాన పడ్డాక ఎంతసేపటికి నీళ్ళొస్తాయో, మీ చిన్నప్పుడు ఎంతసేపటికి వచ్చేవో చెప్పండి.