డిఫరెన్స్ ఎవరు కట్టాలి?

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువమంది మెడికోలే కనిపిస్తున్నారు. ఇంకో నాలుగైదేళ్లలో మీలో చాలామంది ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో డ్యూటీ చేస్తారు. అందుకే డిఫరెన్స్ పేరుతో పేషెంటు దగ్గర పైన తీసుకునే డబ్బు సంగతి ఎత్తుకుంటున్నాను.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెల్లకార్డు ఉన్నవాళ్లు కార్పొరేట్ ఆస్పత్రి మెట్లెక్కారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. డబ్బు ప్రభుత్వానిది, ఆస్పత్రి ప్రైవేటుది, ఒక్కో ఆపరేషన్‌కి ఒక్కో రేటు. మందులు, టెస్టులు, భోజనం, ఇంటికెళ్లే చార్జీలు అన్నీ ఆ ప్యాకేజీలోనే. పేషెంటు దగ్గర పైసా తీసుకోకూడదని నిబంధన.

కౌంటర్ దగ్గరికొస్తే కథ మారుతుంది. తండ్రి గుండె నాళంలో స్టెంటు, అంటే నాళం మూసుకుపోకుండా పెట్టే సన్నని జాలి గొట్టం, వేయించుకోవడానికి క్యాథ్‌ల్యాబ్‌లో టేబుల్ మీద ఉంటాడు. కొడుకు బయట నిలబడి ఉంటాడు. ఒకరొచ్చి, "స్కీములో వచ్చేది మామూలు స్టెంటండీ. మంచిది వేయమంటారా? డిఫరెన్స్ కట్టాల్సి ఉంటుంది" అంటారు. ఏది మామూలు, ఏది మంచిది అని ఆరా తీసే స్థితా అది? ఊరికి ఫోన్ చేసి మూడు రూపాయల వడ్డీకి తెప్పిస్తాడు. రసీదు ఇవ్వరు. ఇచ్చినా దాని మీద ఇంకేదో రాసి ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధర కట్టడి చేసింది. మందు పూత లేనిదానికి 7,260 రూపాయలు, పూత ఉన్నదానికి 29,600. అంతకుముందు పూత స్టెంటుకి లక్ష దాటి వసూలు చేసిన ఆస్పత్రులున్నాయి. ఆ లక్షలో సరుకు ఖరీదెంతో, భయం ఖరీదెంతో మీరే లెక్కేసుకోండి.

"ఉన్నవాడు పైన కొంత కట్టుకుంటే తప్పేంటి సార్?" అంటారా? అడగాల్సిన ప్రశ్నే. బ్రిటన్‌లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. అక్కడి ప్రభుత్వ ఉచిత వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇవ్వని క్యాన్సర్ మందుని సొంత డబ్బుతో కొనుక్కున్నందుకు కొందరికి మిగతా ఉచిత వైద్యం కూడా ఆపేశారు. 2008లో అక్కడి ప్రభుత్వ క్యాన్సర్ డైరెక్టర్ మైక్ రిచర్డ్స్ నివేదిక వచ్చాక ఆ పద్ధతి మార్చారు. మందు కొనుక్కోవచ్చు, ఉచిత వైద్యం ఎక్కడికీ పోదు. కాకపోతే డబ్బు కట్టి చేయించుకునేది విడిగా జరగాలి, దాని ఖర్చంతా పేషెంటే భరించాలి, జనం సొమ్ము అందులో కలవకూడదు. అమలులో చిక్కులున్నాయి గానీ, నాకు ఆ గీత నచ్చింది. మన తెలుగు డాక్టర్లు అక్కడ ఎంతోమంది ఉన్నారు, కనుక్కోండి.

మన డిఫరెన్స్‌కి ఆ గీత లేదు. అదే టేబుల్, అదే డాక్టరు, అదే స్టెంటు, సగం సర్కారు ఇస్తుంది, సగం పేషెంటు ఇస్తాడు. అలా మొదలయ్యాక ప్యాకేజీ కాస్తా అడ్వాన్సు అయిపోతుంది. ప్రభుత్వానికీ ఇది సుఖమే. రేట్లు ఏళ్ల తరబడి సవరించకపోయినా, బిల్లులు నెలల తరబడి ఆపినా బండి నడుస్తూనే ఉంటుంది. 2023 డిసెంబర్‌లో స్కీము భరించే వైద్య ఖర్చు పరిమితిని తెలంగాణలో 10 లక్షలకీ, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకీ పెంచారు. సభల్లో చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ డిఫరెన్స్ అడిగేది పరిమితి చాలక కాదు కదా, ప్యాకేజీ రేటు గిట్టక! యాజమాన్యాల గోడు అబద్ధమని నేననను. బకాయిల కోసం 2025లో రెండు రాష్ట్రాల్లోనూ సేవలు ఆపారు. ఆ తగువు వాళ్లకీ ప్రభుత్వానికీ మధ్య తేలాల్సింది. మధ్యలో ఆ కొడుకు జేబెందుకు?

నేను కోరేది పెద్దదేం కాదు. ప్యాకేజీ రేట్లు ఏటా సవరించాలి, బిల్లులకి గడువు పెట్టి ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. పేషెంటు దగ్గర తీసుకున్న ప్రతి రూపాయీ, ఎందుకో కూడా, డిశ్చార్జ్ కాగితం మీదే రాయాలి. ఇక ఏసీ గది సంగతి అడుగుతారని నాకు తెలుసు. గదికి డబ్బు కట్టుకోవడం వేరే లెక్క, దాని మీద నాకు పేచీ లేదు. మిగతావి ప్రశ్నల్లో మాట్లాడుకుందాం.