పచ్చడబ్బా కబుర్లు, ఎపిసోడ్ 41: మూత ఊడలేదు

కిట్టు: నమస్కారం, పచ్చడబ్బా కబుర్లకి స్వాగతం. నేను కిట్టుని, ఎదురుగా మా బావ సూర్యం. బావా, మైకు నోట్లో పెట్టుకోకండి. పోయిన వారం మెయిళ్లన్నీ దాని గురించే.

సూర్యం: వచ్చినవి రెండు. అందులో ఒకటి మీ అక్క పెట్టింది.

కిట్టు: సరే. ఇవాళ సంగతి, ఉపగ్రహాలతో గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని ఎలా కొలుస్తారని. ఇవాళ పక్కదారి పట్టేది లేదు.

సూర్యం: భీమడోలు గేటు దగ్గర కూడా ఇదే మాటన్నావు.

కిట్టు: గేటు ఊసు వద్దు. 1958లో హవాయిలో మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలెట్టినప్పుడు ఈ వాయువు పది లక్షల పాళ్లలో 315 దాకా ఉండేది. ఇప్పుడు 420 దాటింది. అక్కడంటే గాలిని మిషన్‌లోకి లాగి కొలుస్తారు. ఉపగ్రహం 705 కిలోమీటర్ల పైన తిరుగుతుంటే దానికి గాలెక్కడిది? అందుకని వెలుతురుని చూస్తుంది. ఎండ నేల మీద పడి మళ్లీ పైకి పోతుంది కదా, దారిలో ఈ వాయువు కొన్ని రంగుల్ని మింగేస్తుంది. మన కంటికి ఆనని రంగులు, వెలుతురు తరంగం పొడవు 1.6 మైక్రాన్ల దగ్గర కొన్ని, 2.06 దగ్గర కొన్ని. ఎంత మింగిందో చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది.

సూర్యం: మరి వెలుతురు ఎంత గాలి దాటి వచ్చిందో ఎలా తెలుస్తుంది?

కిట్టు: మంచి ప్రశ్న. ఆక్సిజన్‌ని కూడా పక్కనే కొలుస్తారు. గాలిలో దాని పాలు ఎక్కడైనా ఒకటే, దాన్ని బట్టి లెక్క కడతారు.

సూర్యం: తూకంరాయన్నమాట. ఆ రాయి మీద ముద్ర ఎవరు కొట్టారు?

కిట్టు: అప్పుడే మొదలెట్టారా! సూర్యుడికేసి చూస్తూ ఇదే లెక్క కట్టే పరికరాలు నేల మీద కొన్ని చోట్ల ఉన్నాయి. ఉపగ్రహం అటు వెళ్లినప్పుడు రెండూ సరిచూస్తారు. గాలిని లాగి కొలిచే పద్ధతిలో మన షాద్‌నగర్‌లో ఇస్రో వాళ్ల సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ కూడా కొలిచింది. చాలా?

సూర్యం: ప్రస్తుతానికి చాలు.

కిట్టు: దీనికోసమే నాసా చేసిన ఉపగ్రహం ఓసీఓ. 2009 ఫిబ్రవరి 24న కాలిఫోర్నియా నుంచి వదిలారు. పాపం, దురదృష్టం, రాకెట్ ముక్కు మీద మూత ఊడలేదు. ఆ బరువుతో కక్ష్య దాకా వెళ్లలేక అంటార్కిటికా దగ్గర సముద్రంలో పడింది. తర్వాత...

సూర్యం: ఆగాగు. దురదృష్టమేంట్రా?

కిట్టు: బావా, అది రెండు నిమిషాల ముక్క.

సూర్యం: అందులోనే ఉంది కథంతా. రెండేళ్లాగి, 2011 మార్చి 4న గ్లోరీ అని ఇంకొకటి వదిలారు. అదే రకం రాకెట్. మధ్యలో మూత విడగొట్టే ఏర్పాటు మార్చారు కూడా. మళ్లీ మూత ఊడలేదు. మళ్లీ సముద్రం. రెండుసార్లూ దురదృష్టమేనా?

కిట్టు: డిజైన్ లోపం అనుకుందాం.

సూర్యం: కాదు. కారణం 2019లో బయటపెట్టింది నాసా. మూత రెండు చెక్కలూ విడిపోవాలంటే ఒక అల్యూమినియం పట్టీ టప్పున పగలాలి. పగలడం కోసమే చేసిన పట్టీ అది. దాన్ని తయారుచేసిన కంపెనీ బలం పరీక్షల్లో అంకెలు దిద్ది సర్టిఫికెట్లు ఇచ్చింది. ఒకటీ రెండూ కాదు, వేలల్లో. 19 ఏళ్లు! నాసా లెక్కలో పోయింది 70 కోట్ల డాలర్ల పైన. కంపెనీ కట్టడానికి ఒప్పుకున్నది 4 కోట్ల 60 లక్షలు.

కిట్టు: సరే, మోసమే. కానీ ఒక్క పట్టీ సర్టిఫికెట్ మీదే అంత పెద్ద సంస్థ ఆధారపడటం వాళ్ల తప్పు కాదా? ఇంకోసారి పరీక్ష చేసుకోవాలి కదా.

సూర్యం: రాకెట్‌లో ఎన్ని ముక్కలుంటాయి? అన్నీ మళ్లీ విరిచి చూస్తారా? విరిచి చూసింది మళ్లీ పనికొస్తుందా? అందుకేరా కాగితం. కాగితం కింద సంతకం.

కిట్టు: అన్నిటికీ మీకు సంతకమే. పెళ్లిలో లడ్డూల లెక్క దగ్గర కూడా సంతకం అడిగారు.

సూర్యం: 40 లడ్డూలు తగ్గాయి!

కిట్టు: నేనంటున్నది వేరు. అక్కడ అంకె దిద్దినవాడు ల్యాబ్‌లో ఉద్యోగి. పైనుంచి తోస్తారు, ప్రొడక్షన్ బోనస్ ఉంటుంది, వద్దంటే ఉద్యోగం ఊడుతుంది. మీరు మొత్తం తెచ్చి వాడి నెత్తిన పెడుతున్నారు.

సూర్యం: వాడి నెత్తినే పెట్టడం లేదు. వాడి నెత్తిన కూడా పెడుతున్నాను.

కిట్టు: మీరైతే ఏం చేసేవారు?

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

సూర్యం: చేశాను.

కిట్టు: ఆఁ?

సూర్యం: బాలానగర్‌లో ఉన్నప్పుడు. కంపెనీ పేరు వద్దు. నెలాఖరు, సాయంత్రానికి బోల్టుల లాటు లారీ ఎక్కాలి. లాగి తెంపే మిషన్‌కి పట్లు అరిగిపోయాయి. శాంపిల్ పెడితే తెగదు, జారిపోతుంది. కొత్త పట్లు రావాలంటే వారం. పాత లాటు రీడింగులు ముందేసుకుని కాస్త అటూ ఇటూ మార్చి రాశాను. 412 ఉన్నచోట 409. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని ఒకదానికి 415 వేశాను. కింద సంతకం పెట్టాను. టీ చల్లారలేదు, పని అయిపోయింది.

కిట్టు: ఏమైనా అయిందా?

సూర్యం: ఏమో. అవి ఎక్కడికెళ్లాయో నాకు తెలీదు. ఆ 415 మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

కిట్టు: అక్కకి తెలుసా?

సూర్యం: ఎడిట్ చేసేది తనే కదా. తెలుస్తుంది.

కిట్టు: బావా... తీసేయమంటే తీసేద్దాం.

సూర్యం: వద్దు. నీ ఉపగ్రహం సంగతి చెప్పు.

కిట్టు: ఆఁ. ఓసీఓ పడిపోవడానికి నెల ముందే జపాన్ వాళ్లు ఇదే పనికి గోశాట్ అనే ఉపగ్రహాన్ని పైకి పంపారు. ఓసీఓ పోయాక ఆ టీమ్ వీళ్లతో కలిసి గోశాట్ డేటా మీద పనిచేసింది. తమ లెక్కల పద్ధతి దాని మీదే సానబెట్టుకుంది. 2014లో ఓసీఓ-2. ఈసారి వేరే రాకెట్. ఓసీఓ-2కి చేసిన స్పేర్ పార్టులు మిగిలితే ఓసీఓ-3 చేసి, 2019లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బిగించారు.

సూర్యం: స్పేర్లతోనా! అదీ పనంటే.

కిట్టు: ఓసీఓ-2 రోజుకి దాదాపు పది లక్షల కొలతలు తీస్తుంది. మబ్బుంటే అవి పనికిరావు. రాత్రి ఎండ లేదు కాబట్టి అసలు పనే లేదు. మన వానాకాలంలో పనికొచ్చేవి కొద్దే.

సూర్యం: మరి ఏం లాభం?

కిట్టు: 2015-16 ఎల్‌నినో అప్పుడు, అదే పసిఫిక్ సముద్రం వేడెక్కినప్పుడు, ఉష్ణమండలంలో ఎక్కడ ఏం జరిగిందో పట్టింది. అమెజాన్ వైపు కరువుకి చెట్లు పీల్చడం తగ్గించాయి, ఆఫ్రికాలో వేడికి చెట్లూ నేలా ఎక్కువ వదిలాయి, ఇండోనేషియా వైపు మంటలు. ఒక్కోచోట ఒక్కో కారణం. పోలాండ్‌లో బెల్‌హాతూఫ్ అనే బొగ్గు ప్లాంటు ఒక్కదాని పొగలోనే ఎంత ఉందో లెక్కకట్టారు.

సూర్యం: ప్లాంటువాడు రాసిచ్చిన కాగితం చూడకుండానా?

కిట్టు: చూడకుండానే.

సూర్యం: ఇది ముందు చెప్పాలిరా!

కిట్టు: చెప్పనిస్తేగా. అయితే 2026 బడ్జెట్ ప్రతిపాదనలో ఓసీఓ-2, ఓసీఓ-3 రెండిటికీ డబ్బు ఆపేయమంది అమెరికా ప్రభుత్వం.

సూర్యం: పైన తిరుగుతూ పనిచేస్తున్నవాటికా?

కిట్టు: పనిచేస్తున్నవాటికే.

సూర్యం: ఎవరిది సంతకం?

కిట్టు: మళ్లీనా! ఇంకో ముక్క చెప్పి ముగిస్తాను. ఓసీఓ-2ని అసలు 2014 జూలై 1న వదలాలి. 46 సెకన్లు ఉందనగా ఆపేశారు. ఎందుకో తెలుసా? లాంచ్ ప్యాడ్ మీదికి నీళ్లు సరిగ్గా రాక. మర్నాడు...

(బయట లారీ హారన్)

సూర్యం: ట్యాంకర్!

అక్క: ఏవండీ, కిట్టూ, సంప్ మూత తీయండి, బిగుసుకుపోయింది!

కిట్టు: ఆ గునపం ఎక్కడ పెట్టా