గ్లైడర్ చేతినుంచి వదిలే ముందు: రేంజ్ చెక్

[దృశ్యం: దాళ్వా కోసిన చేను, దూరంగా కొబ్బరితోట]

దాళ్వా కోతలయ్యాక కోనసీమ చేలు ఖాళీ అవుతాయి. రేడియోతో నడిపే మోడల్ గ్లైడర్‌కి ఇంతకన్నా మంచి మైదానం దొరకదు. కాకపోతే చుట్టూ బోదెలు, రొయ్యల చెరువులు. సిగ్నల్ పోతే మోడల్ దిగేది నీళ్లలోనే. అందుకే కొత్త మోడల్‌కీ, రిసీవర్ (మోడల్‌లో సిగ్నల్ అందుకునే పెట్టె) కదిపిన ప్రతి మోడల్‌కీ రేంజ్ చెక్, అంటే సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూసే పరీక్ష తప్పదు.

ముందు యాంటెన్నా. చాలా 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లలో వైరు చివర తొడుగు తీసిన 31 మిల్లీమీటర్ల ముక్కే సిగ్నల్ పట్టేది. మిగతాది కేబుల్ మాత్రమే. ఆ ముక్క తెగితే మామూలు వైరు అతికించొద్దు, యాంటెన్నా మార్చేయండి. రెండుంటే ఒకదానికొకటి 90 డిగ్రీల్లో అమర్చండి. ఫ్యూజలాజ్ (మోడల్ మొండెం) కార్బన్ ఫైబర్‌దైతే కొసలు బయటికి రావాల్సిందే, కార్బన్ సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. ఫైబర్‌గ్లాస్‌కి ఆ బెడద లేదు.

[దృశ్యం: ప్లాస్టిక్ స్టూలు మీద గ్లైడర్, పక్కన సహాయకుడు]

మోడల్‌ని తడినేల మీద పెట్టొద్దు, రేంజ్ తక్కువ చూపిస్తుంది. మీటరు ఎత్తు ప్లాస్టిక్ స్టూలు చాలు, ఇనుపది వద్దు. ట్రాన్స్‌మిటర్‌లో (మీ చేతిలోని రిమోట్) రేంజ్ చెక్ మోడ్ పెడితే పవర్ బాగా పడిపోతుంది. చాలా సెట్లకి ఆ మోడ్‌లో 30 మీటర్లు అందాలి, అంటే సుమారు 40 అంగలు. మీ మాన్యువల్ వేరే అంకె చెబితే అదే ప్రమాణం. స్టిక్ ఆడిస్తూ నడవండి. సర్వో (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటారు) తడబడితే సహాయకుడు చెయ్యెత్తాలి. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా కొసని మోడల్ వైపు గురిపెట్టకండి, అటు సిగ్నల్ అతి బలహీనం.

తొందరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఒక్క వైపు చూసి సరే అనుకుంటారు. ముక్కు, తోక, రెండు పక్కలు, పొట్ట అన్నీ మీవైపు తిప్పించి చూడండి. తోక వైపే 18 మీటర్లకి ఆగిందంటే, దారిలో బ్యాటరీయో సర్వోనో అడ్డుంది. యాంటెన్నా జరిపి మళ్లీ నడవండి. వచ్చిన దూరం రాసిపెట్టుకోండి. అదే మోడల్‌కి రేపు తగ్గితే ఏదో మారిందన్నమాట.

అన్ని సర్వోలూ ఒకేసారి ఆడించినప్పుడే ఆగుతోందా? అది రేంజ్ కాకపోవచ్చు, వోల్టేజీ పడిపోవడం. అంతర్వేది వైపు ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు కిలుము పడతాయి, ముందు అవి చూడండి.

[దృశ్యం: ప్రొపెల్లర్ విప్పిన ముక్కు]

మోటారు ఉంటే ప్రొపెల్లర్ విప్పి, మోటారు తిప్పుతూ ఓసారి చూడండి. తర్వాత ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే మోడల్ ఏం చేయాలో ముందే పెట్టే సెట్టింగ్: ట్రాన్స్‌మిటర్ ఆపగానే మోటారు ఆగాలి, స్పాయిలర్లు (మోడల్‌ని కిందికి దించే రెక్క మీది పలకలు) తెరుచుకోవాలి, రడ్డర్ (తోక మీది నిలువు పలక) కొద్దిగా ఒక పక్కకి తిరగాలి. చివరి స్థితిలోనే ఉంచే సెట్టింగ్ గ్లైడర్‌కి అస్సలు వద్దు, థర్మల్ (పైకి లేచే వేడిగాలి) దొరికితే కనుచూపు దాటిపోతుంది.

వదిలే ముందు రేంజ్ చెక్ మోడ్ ఆఫ్ చేశారో లేదో స్క్రీన్ మీద చూసుకోండి.