మామిడి కొమ్మ మీది బదనికను నాటిందెవరు?

ప్రయోక్త: శ్రోతలకు నమస్కారం. చేలో, వీధిలో, కొండ దాపున మీరు చూసే జీవాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో ఈ రోజు మాట్లాడుకుందాం. తిరుపతిలో జీవావరణ శాస్త్రం బోధించే అధ్యాపకులు మనతో ఉన్నారు. మొదటి ఫోను బంగారుపాళెం నుంచి. చెప్పండన్నా.

రైతు: నమస్కారం మేడమ్, నమస్కారం సార్. నాకు మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉండాది. కొమ్మల మీద మొలిచే బదనిక మొక్క జాస్తి అయిపోయింది సార్. ఏడాదికేడాది కొమ్మలు ఎండిపోతా ఉండాయి. ఒక చిన్న పిట్ట వచ్చి దాని పండ్లు తింటా ఉంటాది. ఆ పిట్టే దీన్ని అంటిస్తా ఉందని మా పక్క తోటాయన అంటాడు. వల కట్టి పిట్టల్ని పట్టేద్దామా అని అడుగుతాడు. ఏం చేయమంటారు?

అధ్యాపకుడు: వల మాత్రం కట్టొద్దన్నా. మీ పక్కాయన చూసింది నిజమే, అంటించేది ఆ పిట్టే. బొటనవేలంత ఉంటుంది, చిన్న ముక్కు, బూడిద రంగు. బదనిక పండు మింగితే గుజ్జు అరుగుతుంది, గింజ అరగదు. గింజ చుట్టూ జిగురు ఉంటుంది. రెట్టతో పాటు బయటికొచ్చినా అంత తేలిగ్గా ఊడి పడదు. పిట్ట కొమ్మకేసి తుడుచుకుంటే గింజ అక్కడే అతుక్కుంటుంది. మొలకెత్తి, వేరులాంటి దాన్ని బెరడు లోపలికి దించుతుంది. మీ చెట్టు నేల నుంచి లాగిన నీళ్ళూ లవణాలూ అక్కడి నుంచి అది తాగుతుంది.

రైతు: అంటే దొంగే కదా సార్!

అధ్యాపకుడు: సగం దొంగ. దాని ఆకులు పచ్చగానే ఉంటాయి చూడండి. ఎండలో తన తిండి తానే వండుకుంటుంది, నీళ్ళూ లవణాలూ మాత్రం మీ మామిడివి. అందుకే మా పుస్తకాల్లో దీన్ని పాక్షిక పరాన్నజీవి అంటాం. ఇంకో సంగతి, దాని పువ్వు చూశారా?

రైతు: చూసినా సార్. గొట్టం మాదిరి, ఎర్రగా నారింజగా ఉంటాది.

అధ్యాపకుడు: ఆ గొట్టంలో తేనె ఉంటుంది. తేనెపిట్టలు దానికోసమే వస్తాయి. ఆకుల మీద గొంగళి పురుగులు గుంపుగా కనబడితే వాటి జోలికి పోకండి. రెక్కల కింద పసుపు, అంచున ఎర్ర మచ్చలున్న సీతాకోకచిలుక పిల్లలు కావచ్చు. అవి తినేది బదనికనే, మీ మామిడిని కాదు. ఆ ఒక్క కొమ్మ మీద ఎన్ని బతుకులున్నాయో చూడండి. మామిడికీ బదనికకూ మధ్య ఒకరికి లాభం, ఒకరికి నష్టం. బదనికకూ పిట్టకూ మధ్య ఇద్దరికీ లాభం. బదనికకూ గొంగళికీ మధ్య తినేవాడూ తినబడేవాడూ. ఆకులు తిన్నంత మేరకు గొంగళి మీ చెట్టుకు సాయమే. అడవిలో ఇదంతా సర్దుకుంటుంది, ఎందుకంటే అక్కడ వంద రకాల చెట్లు కలగలిసి ఉంటాయి. మీ తోటలో ఒకే రకం చెట్లు వరసగా ఉన్నాయి. పిట్ట ఎక్కడ రెట్ట వేసినా మామిడి కొమ్మే.

రైతు: మరి నేను చేయాల్సింది?

అధ్యాపకుడు: కాయ కోత అయిపోయాక రంపం తీసుకోండి. బదనికను ఒక్కదాన్నే పెరికితే లాభం లేదు, లోపల దిగిన భాగం మళ్ళీ చిగురిస్తుంది. అది అతుక్కున్న చోటికి జానెడు లోపలగా, చెట్టు వైపుకి, కొమ్మనే కోసేయండి. బదనిక పండు పండకముందే కోస్తే పిట్టకు మోసుకెళ్ళడానికి గింజ దొరకదు. ఒక్క తోటలో చేస్తే చాలదు, పక్కాయనతో కూడా చేయించండి. ఆయన పిట్టలకు మీ తోట గట్టు తెలియదు.

రైతు: సరే సార్. ఇంకొక్క మాట. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొడతా ఉంటాను, ఆకులకు నల్లటి మసి కూడా పడతా ఉంది...

అధ్యాపకుడు: పూత పూర్తిగా విచ్చుకున్నాక కొట్టకండన్నా, ఇది గట్టిగా చెబుతున్నాను. మామిడి పువ్వుల మధ్య పుప్పొడి మోసేది ఎక్కువగా ఈగలు, తేనెటీగలు. పూత నిండా ఉన్న రోజుల్లో మందు పడితే అవి చస్తాయి, పిందె తగ్గుతుంది. ఆకుల మీది నల్లటి మసి మాత్రం వేరే. ఆ పురుగు విసర్జించే తీపి జిగురు మీద పెరిగే బూజు అది. ఆకు లోపలికి దిగదు, ఎండను అడ్డుకుంటుంది.

ప్రయోక్త: ధన్యవాదాలన్నా. తిరుపతి నుంచి ఇంటర్ చదివే అమ్మాయి లైన్లో ఉంది.

విద్యార్థిని: సార్, ఆహార గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పది శాతం శక్తే వెళ్తుందని రాసుకున్నాం. మిగతా తొంభై ఏమవుతుంది?

అధ్యాపకుడు: మంచి ప్రశ్న తల్లీ. చేలో వంద కిలోల చెనక్కాయ ఆకు గొంగళి పురుగులు తిన్నాయనుకో. అందులో కొంత అరక్కుండా పెంటగా పోతుంది, ఎక్కువ భాగం అవి కదలడానికీ బతకడానికీ ఖర్చయి వేడిగా పోతుంది. ఒళ్ళుగా మిగిలేది సుమారు పది కిలోలు. ఆ పురుగుల్ని తిన్న పిట్టల్లో ఒక కిలో. రేమండ్ లిండెమన్ అనే అమెరికా యువకుడు ఒక చిన్న సరస్సులో ఈ లెక్క చూశాడు. 1942లో ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి ఆయన లేడు, 26 ఏళ్ళకే పోయాడు. పది అనేది రాతి మీద గీత కాదు, చోటును బట్టి మారుతుంది. శేషాచలంలో అడవిపందులు మందలుగా, చిరుతలు వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఎందుకుంటాయో ఇప్పుడు నువ్వే చెప్పగలవు.

ప్రయోక్త: చిరుత పేరు ఎత్తారు, తరువాతి ఫోను దాని గురించే. కపిలతీర్థం దగ్గర నుంచి.

గృహిణి: సార్, మా వీధిలో సీసీ కెమెరాలో చిరుత పడింది. పిల్లల్ని బయటికి పంపాలంటే భయం. అడవిలో తిండి లేకే ఊళ్ళోకి వస్తోందా?

అధ్యాపకుడు: భయపడాల్సిందేనమ్మా, అందులో తప్పు లేదు. శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవజాలాన్ని కాపాడే ప్రాంతంగా ప్రకటించారు. ఆ అడవికి మీ ఇల్లు అడుగు దూరంలో ఉంది. అయితే అడవిలో తిండి లేకనే వస్తుందని అనుకోకండి. మీ వీధి చివర చెత్తకుప్ప ఉందా?

గృహిణి: ఉంది సార్, కల్యాణ మండపం వాళ్ళ ఎంగిలాకులు కూడా అక్కడే.

అధ్యాపకుడు: అదిగో. ఎంగిలాకులకు కుక్కలూ పందులూ, వాటికోసం చిరుత. జింకను తరమడం కంటే కుక్కను పట్టడం దానికి సులువు. కుప్ప ఎత్తించండి, సాయంత్రం తరువాత పిల్లల్ని ఒంటరిగా పంపకండి, కనబడితే అటవీ శాఖకు చెప్పండి. చిరుతను పట్టుకెళ్ళినా ఆ కుప్ప ఉన్నంతకాలం ఇంకోటి వస్తుంది.

ప్రయోక్త: చివరి ఫోను. చంద్రగిరి పక్క నుంచి పెద్దాయన.

పెద్దాయన: నాయనా, నా చిన్నప్పుడు గొడ్డు చస్తే ఊరి బయట వేస్తే చాలు, రాబందులు దిగేవి. పొద్దుగూకే లోపల ఎముకలే మిగిలేవి. ఇప్పుడు ఒక్కటీ రాదు. యాడికి పోయినాయి?

అధ్యాపకుడు: చనిపోయాయి పెద్దాయనా. గొడ్డుకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ అనే మందు దాని ఒంట్లో మిగిలి ఉంటే, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి. తెల్లవీపు రాబందు మన దేశంలో 1990ల నుంచి పదిహేనేళ్ళలో నూటికి 99 వంతులు పోయింది. పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. రాబందులు చేసే పనికి ఇప్పుడు కుక్కలు వచ్చాయి. కళేబరాల మీద కుక్కలు పెరిగితే కుక్కకాటూ పెరుగుతుంది. ఇందాక ఆ అమ్మ చెప్పిన కథలోనూ కుక్కలే.

పెద్దాయన: మళ్ళీ వస్తాయా?

అధ్యాపకుడు: ఏడాదికి ఒకే గుడ్డు, ఆ పిల్ల జతకట్టే వయసుకు రావడానికి అయిదేళ్ళదాకా పడుతుంది. చాలా నిదానం. మీకు పశువులున్నాయా?

పెద్దాయన: రెండు ఆవులు, ఒక దూడ.

అధ్యాపకుడు: వాటికి నొప్పి మందు వేయాల్సి వస్తే, మెలాక్సికామ్ ఇవ్వమని డాక్టరును అడగండి. దాంతో రాబందులకు ప్రమాదం లేదు.

పెద్దాయన: ఉండు నాయనా, మనవడు రాసుకుంటా ఉండాడు... ఇంకోసారి చెప్పు.

అధ్యాపకుడు: మె-లాక్-సి-కామ్.