ఆ పది నిమిషాలు ఇవ్వండి

వేదిక మీద ఉన్న పెద్దలకు, పరిపాలనాధికారులకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు, శానిటేషన్ కాంట్రాక్టర్లకు, నాలాగే సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నవారికి, వెనక వరుసల్లో ఒదిగి కూర్చున్న ఆయమ్మలకు, వార్డుబాయ్‌లకు నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి. ఈ మాటలు మీ పని గురించే.

ఆసుపత్రుల శుభ్రతలో ఆధునిక పద్ధతుల గురించి మాట్లాడమన్నారు. యంత్రాల గురించి కూడా చెప్పమన్నారు. చెబుతాను. కానీ ముప్పై ఏళ్లుగా నన్ను వదలని ఒక సంగతి ఉంది. అది చెప్పకుండా నాకు మాట ముందుకు సాగదు.

అప్పుడు నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేరిన సూపర్‌వైజర్ని. ఒక ఉదయం పెద్దవారెవరో వస్తున్నారని కబురు వచ్చింది. అరగంటలో రెండో అంతస్తు మరుగుదొడ్లు తెల్లగా మెరిసిపోవాలన్నారు. అక్కడ పనిచేసే ఆవిడను మేమంతా అక్కా అని పిలిచేవాళ్లం. ‘అక్కా, త్వరగా, త్వరగా’ అని రెండుసార్లు వెళ్లి తొందరపెట్టాను. ఆమె అప్పటికే బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంది. నా తొందర చూసి దాని మీదే యాసిడ్ పోసింది. కిటికీ కూడా లేని గది. నేను మూడోసారి వెళ్లేసరికి గొంతు పట్టుకుని గడప మీద కూలబడి ఉంది. కళ్ల నుంచి నీళ్లు, ఆగని దగ్గు. బ్లీచింగ్ పౌడర్‌కు యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర యుద్ధభూమిలో సైనికుల మీద వదిలింది ఆ వాయువునే. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేను. నాకే తెలియదు.

ఆమె బతికింది. కానీ మళ్లీ మెట్లెక్కి పనిచేయలేకపోయింది. పెద్దవారి రాక ఆ రోజు రద్దయింది.

అందుకే యంత్రాల కన్నా ముందు సమయం గురించి అడుగుతున్నాను. నేల మీద రక్తం పడిందనుకోండి. ముందు చేతికి తొడుగు వేసుకుని, పీల్చే గుడ్డతో దాన్ని తీసేయాలి. మురికి ఉన్నచోట క్లోరిన్ శక్తి ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత క్లోరిన్ శక్తితో క్రిములను చంపే హైపోక్లోరైట్ ద్రావణం పోయాలి. సీసా మీద 5 శాతం అని ఉంటే, ఒక లీటరుకు నాలుగు లీటర్ల నీళ్లు కలిపితే 1 శాతం ద్రావణం అవుతుంది. పోసిన తర్వాత కనీసం 10 నిమిషాలు అక్కడ తడి ఆరకూడదు. పది నిమిషాలు! మన ఆసుపత్రుల్లో ఏం జరుగుతుంది? పోసిన మరుక్షణం ‘నేల ఆరబెట్టు, రౌండ్స్‌కు డాక్టరుగారు వస్తున్నారు’ అంటాం. అలా తుడిచేస్తే మందు డబ్బు పోయింది, ఆమె శ్రమ పోయింది, క్రిమి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇది కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు కాన్పుల వార్డులోకి వెళ్లే డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. ఆ వార్డులో ఏప్రిల్‌లో నూటికి 18 మంది తల్లులు చనిపోతే, జూన్‌లో నూటికి ఇద్దరు. ఆయన వాడిన క్లోరిన్ సున్నానికీ మన స్టోరులో బస్తాల్లో ఉన్న పౌడర్‌కూ చుట్టరికం దగ్గరిదే. మందు అప్పుడే ఉంది. దాన్ని పనిచేయనిచ్చే ఓపిక మనకు ఇంకా రాలేదు.

మరొక మాట. ఫినాయిల్ వాసన గుప్పుమంటే శుభ్రంగా ఉన్నట్టే అనుకునే అలవాటు మనది. బిల్లులు కూడా ఆ వాసన చూసే పాస్ చేస్తాం. వాసన క్రిమిని చంపదు. అలాగే వార్డులో పొడి చీపురు ఆడించకండి, దుమ్ము లేచి రోగి మంచం మీదే వాలుతుంది. తడి మాపుతో, లోపలి గోడ నుంచి గుమ్మం వైపు రావాలి.

ఇక యంత్రాలు. పొడవాటి వరండాలకు నేల రుద్ది కడిగే స్క్రబ్బర్ మంచిదే. కానీ కొన్న యంత్రం స్టోరులో తాళం వేసి ఉండటం నా కళ్లతో చూశాను, పాడైతే ఎవరు బాధ్యులనే భయంతో. ప్రభుత్వ ఆసుపత్రుల కోసం 2015లో ‘కాయకల్ప’ అనే కేంద్ర పథకం వచ్చాక శుభ్రతకు మార్కులు వేయడం మొదలైంది. మూడు బకెట్ల పద్ధతి గురించి చాలామంది అప్పుడే విన్నారు. అది మేలే. కానీ టెండరులో తక్కువకు పాడినవారికే పని ఇచ్చి, ఇద్దరు చేసే వార్డును ఒక్కరికి అప్పగిస్తే, ఆ పది నిమిషాలు ఆమె ఎక్కడి నుంచి తెస్తుంది? కాంట్రాక్టు కాగితంలో చదరపు అడుగులు రాస్తాం, నిమిషాలు రాయం. నిమిషాలు రాయండి. ఇంతమంది అధికారులు ఉన్నారు కనుక మళ్లీ అడుగుతున్నాను, నిమిషాలు రాయండి.

ఒక్కసారి చేతులెత్తండి. వార్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎప్పుడైనా స్వయంగా తుడిచినవారు? ఆయమ్మలు కాదమ్మా, మీరు దించండి. ముందు రెండు వరుసల వారిని అడుగుతున్నాను.

సరే. నాకు ఇంకా రాసుకున్న కాగితాలున్నాయి, వాటిని పక్కన పెడుతున్నాను. ఇదిగో, మూడు బకెట్లు తెప్పించాను. ఒకదానిలో సబ్బు నీళ్లు, మిగతా రెండింటిలో మాపు జాడించడానికి మంచినీళ్లు. మాపు కర్ర పొడవుగా ఉంది, నడుము వంచనక్కర్లేదు. సూపరింటెండెంటుగారు ముందుగా రావాలి. ఎలా పట్టుకోవాలో మూడో వరుసలో ఉన్న ఆయమ్మ చూపిస్తుంది. అమ్మా, మీరు కూడా రండి.