వేలంపాటలో కారు కొనేవారికి

శ్రోతలకు నమస్కారం.

కొత్త కారు ధర అందదు, పాత కార్ల వ్యాపారి మాట నమ్మబుద్ధి కాదు. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న చాలామంది చూపు ఇప్పుడు బ్యాంకుల వేలంపాటల మీద పడుతోంది. వాయిదాలు ఆగిపోయిన కార్లను బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు స్వాధీనం చేసుకుని ఊరి శివార్లలోని యార్డుల్లో ఉంచుతాయి. పాట ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. బయటి కంటే చవకగానే వస్తాయి, నిజమే. అయితే ఆ తగ్గింపు ఎవరూ దయతో ఇచ్చింది కాదు. అమ్మేవారు పడవలసిన తలనొప్పులన్నీ మనకు అప్పగించి, అందుకు ప్రతిగా ధర తగ్గిస్తున్నారు.

వేలం షరతుల్లో 'ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే' అనే మాట ఉంటుంది. రేపు గేరుబాక్సు పాడైనా, ఇంజన్ మొరాయించినా వారికి సంబంధం లేదు. సాధారణంగా బండిని నడిపి చూడనివ్వరు. బ్యాటరీలో ప్రాణం ఉంటే స్టార్ట్ చేసి చూపిస్తారు, అంతే. అందుకే చూడటానికి ఇచ్చిన రోజున, తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని యార్డుకు వెళ్లి తీరాలి. ఫోనులో ఫొటోలు చూసి పాట పాడేవారి ధైర్యానికి నేనైతే దండం పెడతాను.

వెళ్లాక పై మెరుగులు వదిలేసి, సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగండి. వరదలో మునిగిన కారును ఎంత కడిగినా ఆ బెల్టు అడుగు భాగంలో మట్టి చార ఉండిపోతుంది. డిక్కీలో స్టెప్నీ టైరు తీసి ఆ గుంటలో వేలు పెట్టి చూడండి, ఎండిన ఒండ్రు చేతికి తగులుతుంది. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ మునిగాయి. అలా మునిగిన కార్లకు మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా సంస్థ దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి పరిహారం ఇస్తుంది. ఆ శిథిలాలూ వేలానికే వస్తాయి. తక్కువకు కొని, తుడిచి, రంగు వేసి మళ్లీ అమ్మేవారున్నారు. నీళ్లు తాగిన వైర్లు ఏడాది తర్వాతైనా పగ తీర్చుకుంటాయి.

టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 3519 అని ఉంటే 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. మీటరు 20 వేల కిలోమీటర్లే చూపిస్తూ, టైర్లు మాత్రం బండి కంటే నాలుగేళ్లు కొత్తవైతే, మీటరునే అనుమానించాలి.

ఇక కాగితాలు. నా మట్టుకు ఇంజన్ కంటే వీటికే ఎక్కువ భయపడతాను. ఇంజన్ చెడితే మెకానిక్ ఉన్నాడు, కాగితం చెడితే రవాణా కార్యాలయం చుట్టూ తిరగాల్సిందే. కేంద్ర ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి బీమా గడువు, అప్పు వివరాలు చూడండి, పెండింగ్ చలాన్లు కూడా విడిగా వాకబు చేయండి. ఆ బాకీలు ఎవరు కట్టాలో షరతుల్లో చదవండి, చాలాచోట్ల అవి కొన్నవారి నెత్తినే పడతాయి. పాత యజమాని ఆర్‌సీ ఇవ్వకపోతే, ఫైనాన్స్ సంస్థ ఫారం 36తో తన పేరిట కొత్త ఆర్‌సీ తీసుకోవచ్చు. ఆ పని పూర్తయిందా, మొదలైనా అయిందా అని పాటకు ముందే అడగండి. బండి వేరే రాష్ట్రానిదైతే అక్కడి నిరభ్యంతర పత్రం కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పాత బండ్లపై ఢిల్లీలో ఉన్న ఆంక్షల వల్ల చవకగా దొరికే పాత డీజిల్ కార్ల మీద మోజుపడేవారు ఈ లెక్క మరిచిపోతుంటారు. ప్రభుత్వ వేలంలో కొన్న బండికైతే దారి వేరు. స్వాధీనం చేసుకున్న 30 రోజుల్లోగా ఫారం 32తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి.

పాటలో పాల్గొనాలంటే ముందు ధరావతు కట్టాలి. గెలిచి డబ్బు కట్టకపోతే అది పోతుంది. మీదే హెచ్చుపాట అయినా బ్యాంకు ఆమోదించేదాకా బండి మీది కాదు. చివరి నిమిషాల్లో ఎవరైనా ధర పెంచితే గడువు పొడిగించే పద్ధతి ఉంది. పంతాలు పెరిగేది అప్పుడే. అందుకే ముందురోజే కాగితం మీద లెక్క వేసుకోవాలి. బయట 4 లక్షలు పలికే కారు అనుకుందాం. టైర్లు, బ్యాటరీ, సర్వీసింగ్‌కు 50 వేలు, పేరు మార్పు, బీమాలకు 25 వేలు, కనిపించని లోపాలకు 40 వేలు తీసేయండి. 2 లక్షల 85 వేలకు పాడారంటే మీకు మిగిలింది సున్నా. అంత శ్రమపడి సున్నా ఎందుకు? మీ గరిష్ఠ ధర అంతకంటే బాగా కిందే ఉండాలి.

పాట మీకు దక్కితే గడువులోగా బండి తీసుకెళ్లాలి, లేదంటే యార్డు అద్దె రోజుల లెక్కన పడుతుంది. అప్పటికి బీమా గడువు ముగిసి ఉంటే, కొత్త పాలసీ చేతికొచ్చేదాకా బండిని రోడ్డు మీద నడపకండి, లారీ మీద ఎక్కించి ఇంటికి తెచ్చుకోండి. సెలవు, నమస్కారం.